సుంకి ఘాటు దిగాల్సిన జీపు: ఒక ప్రాజెక్టు డైరీ

రథయాత్ర వారం

జీపు షెడ్డులోకి వచ్చింది. దీనికి ఒకటే షరతు పెట్టాను: ఒడిశా కొండల్లోంచి సుంకి ఘాటు, అంటే మలుపుల కొండదారి, దిగి ఆంధ్రలోని సాలూరు వెళ్లాలి, మళ్లీ తన చక్రాల మీదే మా సిమిలిగుడ ఎక్కి రావాలి. ఎగ్జిబిషన్‌లో తాళ్లు కట్టి నిలబెట్టే బండి నాకొద్దు. ఏ పని ముందు, ఏది తర్వాత, ఏ సామానుకు ఎంత పెట్టొచ్చు అన్న లెక్కలన్నీ ఈ షరతు దగ్గరే తేలిపోతాయి.

కొరాపుట్ కొండల్లో ఈ రోజుల్లో ముసురు వదలదు. టార్పాలిను కింద చేయగలిగింది గీకుడు పనే. చాసీ మీద మట్టీ గ్రీజూ కలిసి వేలి మందాన పెంకు కట్టాయి. పాత ఉలి, వైరు బ్రష్షు, డబ్బాడు కిరోసిను పెట్టుకుని కూర్చుంటే పొద్దు తెలియడం లేదు.

బండి జయపురంలో ఒకప్పుడు కలప వ్యాపారం చేసిన ఇంటివాళ్లది. అడవిలో కలప నరికే కూపుల్లో తిరిగి తిరిగి, చివరికి పశువుల పాకలో ఆగిపోయింది. కాగితాల్లో 1944 మోడల్ విల్లీస్ అని ఉంది. కాగితం ఏం చెప్పినా చాసీ ఏం చెబుతుందో చూడాలి. యుద్ధకాలపు జీపులు రెండు కంపెనీలు చేశాయి. విల్లీస్ ఎంబీ అన్నది ఒకటి, అదే డ్రాయింగుల మీద ఫోర్డ్ తయారు చేసిన జీపీడబ్ల్యూ రెండోది. 1941 నుంచి 1945 దాకా రెండూ కలిపి 6 లక్షలకు పైనే. పక్కపక్కన పెడితే కవలలే. తేడా ముందు రేడియేటరు కింద ఉంటుంది: చాసీకి అడ్డంగా వెళ్లే మెంబరు గుండ్రటి గొట్టమైతే విల్లీస్, తిరగేసిన యు ఆకారపు ఛానలైతే ఫోర్డ్.

పెంకు రాలిపడ్డాక గొట్టం కనబడింది. చాసీ విల్లీసే, కాగితం అబద్ధమాడలేదు.

అయితే ముందు ఫెండర్ల బోల్టుల తలల మీద చిన్న ఎఫ్ అక్షరం ఉంది. ఫోర్డ్ తన ప్రతి చిన్న భాగం మీదా ఆ అక్షరం గుద్దేది, బోల్టుని కూడా వదల్లేదు. అంటే ఫెండర్లు ఇంకో బండివి. గ్రిల్లులో తొమ్మిది గీతలున్నాయి, అది సైన్యం జీపుదే. యుద్ధం తర్వాత సివిల్ జీపులకు ఏడే ఉంటాయి. వెనక పలక మాత్రం ఎవరో కోసి తలుపు పెట్టారు. సైన్యం జీపుకి వెనక తలుపు ఉండదు, ఎక్కేవాళ్లు పక్కనుంచే ఎక్కుతారు. కలప కూలీలు, సామాను ఎక్కి దిగడానికి కోసుంటారు.

"ఆ ఎఫ్ బోల్టులు తీసేసి విల్లీస్‌వి పెట్టు, లేకపోతే విలువ ఉండదు" అని ఒక మిత్రుడి సలహా. తీయను. ఒకదాని సామాను ఇంకోదానికి పట్టాలన్నదే ఆ డ్రాయింగుల ఉద్దేశం. డిపోల్లో రిపేరు చేసినవాళ్లు చేతికందింది బిగించి పంపించేశారు. అరవై డెబ్భై ఏళ్లు ఈ బండిని మోసిన బోల్టుల్ని ఇప్పుడు జాతి చూసి వెలివేసే పని నేను చెయ్యను.

శ్రావణం

ఇంజను సంగతి ఎప్పుడని చూసినవాళ్లంతా అడుగుతున్నారు. ముందు బ్రేకులు. ఘాటు ఎక్కలేని బండి దారి పక్కన ఆగిపోతుంది, అంతే. ఘాటులో ఆగలేని బండి సంగతి వేరు.

చక్రాలు విప్పించడానికి పంక్చరు షాపు కుర్రాణ్ణి పిలిచాను. కుడివైపు చక్రాలు సులువుగా వచ్చేశాయి. ఎడమవైపుకి వచ్చి పానాకి పొడుగు పైపు తొడిగి, దాని మీద ఎక్కి నిలబడబోయాడు. ఆపి, స్టడ్డు కొన చూపించాను. దాని మీద ఎల్ అక్షరం ఉంది. ఎడమవైపు స్టడ్లకి మర ఎదురు, బిగించేవైపు తిప్పితేనే ఊడుతుంది. చక్రం తిరుగుతుంటే నట్టు వదులు కాకూడదని అలా చేశారు. ఆ కుర్రాడు ఒక నట్టు విప్పాడు, మళ్లీ బిగించాడు, మళ్లీ విప్పి నా మొహం చూసి నవ్వాడు. ఈ ఒక్క ముక్క తెలియక మన దేశంలో ఎన్ని స్టడ్లు విరిగాయో!

డ్రమ్ముల్లో పాత లైనింగు పొడి పేరుకుపోయింది. పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది. గాలి గొట్టంతో ఊదితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నీళ్లతో తడిపి, తడిగుడ్డతో తీసి, కవరులో కట్టేశాం. షెడ్డు పనివాళ్లకి ఇది చాదస్తంగా కనిపించింది. కనిపించనీ.

ఎంబీ బ్రేకు మాస్టర్ సిలిండరు పెడల్ కింద, ఫ్లోరుకి అడుగున ఉంటుంది. ఆయిలు పోయాలంటే ఫ్లోరు మీది చిన్న పలక తియ్యాలి. అందుకే ఎవరూ పొయ్యరు, అందుకే అన్నీ పాడయ్యే ఉంటాయి. పైగా నాలుగు చక్రాలకీ ఒకే లైను. ఎక్కడ కారినా నాలుగూ పోతాయి. హ్యాండు బ్రేకు చక్రాల మీద కాకుండా ట్రాన్స్‌ఫర్ కేసు (ముందు, వెనక చక్రాలకు బలం పంచే పెట్టె) వెనక, షాఫ్టు మీద పట్టీలా బిగుస్తుంది. నిలబెట్టడానికి గట్టిదే, కాని నడుస్తున్న బండిని దాంతో ఆపుదామనుకుంటే షాఫ్టు జాయింట్లు ఊరుకోవు. ఏతావాతా ఉన్న ఒక్క లైనూ నిఖార్సుగా ఉండి తీరాలి.

వీల్ సిలిండర్లు నాలుగూ మార్చేశాను. పైపుల దగ్గర షాపువాడితో గొడవ. మామూలు రాగి పైపు తీసుకోమంటాడు, వంచడానికి మెత్తగా ఉంటుందని. మెత్తగా ఉన్నది నిజమే. అదరగా అదరగా రాగి గట్టిపడి, ఫ్లేరు దగ్గర, అంటే మూతి వెడల్పు చేసిన చోట, సన్నగా పగులుతుంది. స్టీలు పైపే వేయించాను. ఒక్కో వంపు తిప్పడానికి చేతులు పడిపోయాయి. డ్రమ్ములు 9 అంగుళాలవి, సాలూరు లేతు మీద తిప్పించాలి. సాలూరు ఎలాగూ వెళ్లాలి, బాడీ పని అక్కడే.

విశ్వకర్మ పూజ

సెప్టెంబరు 17. ఒడిశాలో ఈ రోజు ఏ షెడ్డులోనూ పానా ముట్టుకోరు. మా షెడ్డులోనూ పూజే. పనిముట్లన్నీ కడిగి వరసగా పెట్టి, ఇంజను బ్లాకుకి కూడా బొట్టు పెట్టాం. మర్నాడు హెడ్డు విప్పాం.

సునాబేడలో విమానం ఇంజన్ల ఫ్యాక్టరీలో ఫిట్టరుగా రిటైరైన మా పెదనాన్నగారి అబ్బాయి, మా అన్నయ్య, ఈ పనికి పెద్ద దిక్కు. థౌ (అంగుళంలో వెయ్యో వంతు) లెక్కల్లో తప్ప మాట్లాడడు. ఈ ఇంజను చూసి మొదట పెదవి విరిచాడు. నాలుగు సిలిండర్లు, 2.2 లీటర్లు, 60 హార్స్‌పవర్. వాల్వులన్నీ బ్లాకులోనే పక్కన నిలబడి ఉంటాయి, హెడ్డు అంటే ఇనప మూత. "ఇందులో చెడిపోవడానికేముందిరా?" అన్నాడు.

చెడిపోవడానికి ఉన్నవన్నీ చెడిపోయాయి. రెండు ఎగ్జాస్టు వాల్వులు గైడుల్లో పట్టేశాయి. కిరోసినూ గేరాయిలూ కలిపి పోసి, రోజూ కాస్త తట్టి కదిలిస్తూ వదిలించాం. సుత్తి పెట్టి గట్టిగా కొడితే వాల్వు వంగుతుంది, గైడు పగులుతుంది. ఇక్కడ ఓపికే పనిముట్టు.

ముందు కవరు విప్పినప్పుడు ఇంకో గుట్టు తేలింది. యుద్ధకాలపు ఎంబీలో క్యాంషాఫ్టు చైనుతో తిరగాలి. ఇందులో గేర్లున్నాయి. గేర్లకు మారింది యుద్ధం తర్వాత సివిల్ జీపుల్లో. అంటే చాసీ సైన్యంది, ఫెండర్లు ఫోర్డువి, ఇంజను తర్వాతి తరంది. మహీంద్రావాళ్లు 1940ల చివర్లో బొంబాయిలో విల్లీస్ జీపులు బిగించడం మొదలుపెట్టారు, ఆ సంత నుంచి వచ్చిందేమో. అసలు ఇంజను ఏ అడవిలో సీజైందో ఎవరు చూడొచ్చారు? అన్నయ్య మాత్రం సంతోషించాడు. "గేర్లు మంచివిరా, చైను సాగుతుంది. దీన్ని మార్చావంటే నేను రాను."

మార్చలేదు.

టాపెట్లు, అంటే వాల్వుల్ని పైకి తోసే ముక్కలు, సరైన సందుకి పెట్టడం చేతులకి శిక్ష. పక్క కవరు తీస్తే మానిఫోల్డు అడుగున సందు కనిపిస్తుంది. రెండు పల్చటి పానాలు, ఒక ఫీలర్ గేజి అందులోకి ఒకేసారి దూరాలి. ఒక పానాతో టాపెట్‌ని తిరక్కుండా పట్టుకుని, రెండోదాంతో బోల్టు జరిపి, గేజి లాగి చూడాలి. కాస్త పట్టుకుంటూ జారాలి. అన్నయ్య కళ్లు మూసుకుని గేజి లాగేవాడు. చూస్తే చెయ్యి అబద్ధమాడుతుందట. పాయింట్ల సందు 20 థౌ, ప్లగ్గుల సందు 30 థౌ, సిలిండర్ల ఫైరింగు వరస 1-3-4-2. ఈ మూడూ షెడ్డు గోడ మీద సుద్దతో రాశాడు.

పెట్రోలు ట్యాంకు డ్రైవరు సీటు కిందే ఉంటుంది, సుమారు 57 లీటర్లు పడుతుంది. లోపల తుప్పు అంతా పొరలు. గొలుసు ముక్కలు వేసి కుదిపి, కడిగి, ఎండలేక లైటు బల్బు వేడికి ఆరబెట్టాం. ఇప్పటి పెట్రోల్లో 20 శాతం ఇథనాల్. పాత రబ్బరు గొట్టాల్నీ పంపు డయాఫ్రంనీ అది మెత్తబరుస్తుంది. పైగా ఈ కొండల చెమ్మలో బండి వాడకుండా ఉంచితే నీళ్లు పీల్చుకుని అడుగున పేరుతుంది. గొట్టాలు, డయాఫ్రం ఇథనాలుకు ఆగేవి వేశాను. ట్యాంకుని సగం పెట్రోలుతో నెలల తరబడి వదిలెయ్యకూడదని కూడా నిర్ణయించుకున్నాం. అదృష్టమేమంటే కంప్రెషన్ 6.48కి 1 మాత్రమే, కాబట్టి ఆక్టేన్ గురించి బెంగ లేదు.

కరెంటు దగ్గర మాత్రం అసలుదనం పట్టు వదిలేశాను. ఎంబీ 6 వోల్టుల బండి. పాత యజమానులు 12కి మార్చారు, 12 గానే ఉంచుతున్నాను. అంతే వెలుగు 6 వోల్టుల్లో కావాలంటే కరెంటు రెట్టింపు పారాలి, కేబుళ్లు లావుగా ఉండాలి, ప్రతి జాయింటూ మెరవాలి. పొట్టంగి దగ్గర పొగమంచులో మసక లైట్లతో ఎదురు లారీని వెతుక్కుంటూ "మాది ఒరిజినల్ కదా" అనుకోవడంలో నాకు ఆనందం లేదు. హెడ్‌లైట్ల మడత బందులు మాత్రం బాగుచేసి ఉంచాను. రెక్కనట్టు వదులు చేసి లైటుని వెనక్కి తిప్పితే వెలుగు ఇంజను మీద పడుతుంది, రాత్రి రిపేరుకి. ఇంత తెలివైన పని మళ్లీ ఏ బండిలోనూ చూడలేదు.

ఇంజను స్టార్టయింది. మొదట తెల్లపొగ, తర్వాత కుదుటపడింది. అన్నయ్య టీ అడిగాడు.

దసరా ముందు, సాలూరు

చాసీ షెడ్డులోనే ఉంచి, బాడీ తొట్టి ఒక్కటే పికప్ వ్యానులో సాలూరు దింపాం. లారీ బాడీలు కట్టే ఊరు. రేకు కొట్టడం, అతకడం అక్కడివాళ్లకి పుట్టుకతో వచ్చిన విద్య. మా మేస్త్రి తొట్టి చుట్టూ ఒకసారి తిరిగి, సుత్తి పిడితో అక్కడక్కడా తట్టి, చప్పుడు విన్నాడు.

"ఇందల రేకెంతో, పుట్టీ ఎంతో ఎవుడికెరుక బాబూ? రంగు కాల్చీనాక మాటాడుకుందుం."

కాల్చాక మాట్లాడుకోవడానికి పెద్దగా ఏమీ మిగల్లేదు. ఫ్లోరు కింద నిలువుగా వెళ్లే టోపీ ఆకారపు ఛానళ్లుంటాయి. బలం కోసం వాటిలో కర్ర బిగించారు తయారీలోనే. ఆ కర్ర నీళ్లు తాగి, చుట్టూ ఉన్న ఇనుమునంతా తినేసింది. మేస్త్రి వేలు పెట్టి లాగితే ఛానలు పకోడీ పొట్టులా రాలింది. లోపలి కర్ర మాత్రం నల్లగా, తడిగా, రూపం చెడకుండా అలాగే ఉంది. వాసన చూసి "టేకు కాదు" అని పక్కన పారేశాడు.

కొత్త ఛానళ్లు 18 గేజి రేకుతో మడతపెట్టించాం. కర్ర మళ్లీ పెట్టాలా వద్దా అన్నదాని మీద చాలాసేపు నడిచింది. నేను పెట్టొద్దన్నాను. "అసలుకి ఉన్నాదన్నావు గదా?" అని మేస్త్రి. ఉంది, దానివల్లే పోయింది కూడా. చివరికి కర్ర బదులు లోపల ఇనప పట్టీ అతికి, రెండు చివర్లా నీళ్లు కారే బెజ్జాలు వదిలాం. లోపల రెడాక్సైడు పోసి అటూ ఇటూ వంచాం.

వెనక తలుపు మూయించేశాను. కోసిన పలక సందు సగం నుంచి మొదలుపెట్టి ఒకే గీతగా అతుకుతూ పోతే రేకు వేడికి అలలు తేలుతుంది. మేస్త్రి ఇక్కడో చుక్క, అక్కడో చుక్క పెడుతూ, ప్రతి చుక్కనీ తడిగుడ్డతో చల్లార్చి, వెనక దిమ్మె ఆనించి కొట్టుకుంటూ వెళ్లాడు. మధ్యాహ్నం మొదలుపెట్టి లైట్లు వేసేదాకా. పూర్తయ్యాక అరచేత్తో నిమిరి చూస్తే అతుకు ఎక్కడో చెయ్యి చెప్పలేకపోయింది. ఆ పలక మీద పుట్టీ పెట్టనివ్వలేదు. పెట్టాల్సిన అవసరమూ రాలేదు.

నవంబరు: రంగు

రంగు సంగతి ఎత్తగానే అందరికీ ఒకటే మాట, మిలిటరీ ఆకుపచ్చ. మేస్త్రి అప్పటికే డబ్బా తెప్పిస్తానన్నాడు. కుదరదు. 1989 నాటి సెంట్రల్ మోటారు వాహనాల నిబంధనల్లో 121వది, రక్షణ శాఖ వాహనాలకు తప్ప దేనికీ ఆలివ్ గ్రీన్ వెయ్యకూడదంటుంది. అమెరికన్ ఆలివ్ డ్రాబ్ వేరు, అందులో గోధుమ ఛాయ ఎక్కువ, అది ఆలివ్ గ్రీన్ కిందికి రాదు అని వాదించే మిత్రులున్నారు. వాదన బాగానే ఉంది. ఆ వాదన చెక్‌పోస్టు దగ్గర, వానలో, రంగుల పట్టీ చేత్తో పట్టుకుని ఎవరు చేస్తారు?

నిబంధన లేకపోయినా ఇక్కడ వెయ్యను. మా కొండల్లో చాలా ఏళ్లుగా భద్రతా దళాల బళ్లు తిరుగుతున్నాయి. పల్లె దారిలో ఆకుపచ్చ జీపు కనబడితే సంతకి నడిచిపోయేవాళ్లు తలొంచుకుని పక్కకి తప్పుకుంటారు. నా సరదా బండిని చూసి ఎవరూ అలా తప్పుకోవడం నాకిష్టం లేదు.

బూడిద రంగు వేశాను. అమెరికన్ నేవీ జీపులకు బూడిద రంగు ఉండేది, కాబట్టి చరిత్రలో లేనిదేమీ కాదు. విశాఖలో యుద్ధనౌకలు చూస్తూ పెరిగిన మా అన్నయ్యకి వెంటనే నచ్చింది. బానెట్టు మీద తెల్ల నక్షత్రం, 20తో మొదలయ్యే సైన్యం నంబరు రాయించమని కుర్రాళ్ల పోరు. ఈ బండి అసలు నంబరు దొరకలేదు. దొరకనిదాన్ని కల్పించి రాయడమెందుకు?

రిజిస్ట్రేషను గురించి కొంత. 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉన్న బళ్లకి వింటేజి రిజిస్ట్రేషను ఇస్తారు. నంబరులో వీఏ అక్షరాలు వస్తాయి. కొత్తగా చేయించుకుంటే 20,000 రూపాయలు, 10 ఏళ్లు చెల్లుతుంది. కాని ఆ నంబరుతో ప్రదర్శనలకి, ర్యాలీలకి, పెట్రోలుకి, రిపేరుకి తిప్పొచ్చుగాని రోజువారీ వాడకూడదు. సాలూరు సంతకి వెళ్లొచ్చే బండికి అది సరిపడదు. పాత ఆర్సీనే రెన్యువల్ చేయించుకునే పనిలో ఉన్నాను. మీ బండి ఏడాదికి నాలుగుసార్లు బయటికొచ్చేదైతే వీఏ నంబరే మర్యాద.

సంక్రాంతి ముందు: ఘాటు

యుద్ధకాలపు జీపులన్నీ లెఫ్ట్ హ్యాండ్ డ్రైవే. దీన్నీ అలాగే ఉంచాను. దిగేటప్పుడు రోడ్డు ఎడమ అంచు అరచేతిలో ఉన్నట్టు కనిపిస్తుంది. ముందు లారీ ఉంటే మాత్రం అవతల ఏమొస్తోందో అగుపడదు. కుడి సీట్లో అన్నయ్య కూర్చుని "ఆగు... ఆగు... ఇప్పుడు రా" అంటుంటేనే దాటడం. అతను ఊఁ అనకపోతే లారీ వెనకే, ఎంతసేపైనా.

దిగుడంతా సెకండు గేరులో. ఈ మూడు గేర్ల బాక్సులో ఫస్టుకి సింక్రో (గేర్ల వేగాలు తనంతట కలిపే ఏర్పాటు) లేదు, దిగుతూ ఫస్టులోకి వెయ్యాలంటే డబుల్ క్లచ్చు నొక్కి ఇంజను వేగం కలపాలి. ట్రాన్స్‌ఫర్ కేసులోని లో రేంజి (ఇంకా నెమ్మదైన గేరు) వాడదామా అంటే ఎంబీలో ముందు చక్రాలు కలిపితేగాని లో పడదు. ఎండిన తారు మీద ముందు చక్రాలు కలిపి మలుపులు తిప్పితే షాఫ్టులు ఒకదాన్నొకటి మెలిపెట్టుకుంటాయి, స్టీరింగు బిగుస్తుంది. అది బురదకి, రాళ్లకి. తారు మీద సెకండు హై చాలు.

సుంకి దాటాక ఒక వెడల్పు చోట ఆపి డ్రమ్ముల దగ్గర చెయ్యి పెట్టి చూశాం. నాలుగూ ఇంచుమించు ఒకే వేడి. ముందు ఎడమది కాస్త ఎక్కువ. పెడల్ ఎత్తు మారలేదు, పైపు జాయింట్లు పొడిగా ఉన్నాయి. సాలూరులో మేస్త్రి బయటికొచ్చి ముందు తన వెనక పలక దగ్గరికే వెళ్లి నిమిరాడు. తర్వాతే మమ్మల్ని పలకరించాడు. రంగు చూసి మాత్రం మొహం మాడ్చుకున్నాడు. "పోస్టాఫీసు బండినాగున్నాది బాబూ."

సాలూరు నుంచి, సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉన్న సిమిలిగుడకి ఎక్కాలి. ఎక్కుడులో బండి గొప్పగా ఏమీ పరిగెత్తలేదు, సెకండులో ఊపిరి తీసుకుంటూ ఎక్కింది. టెంపరేచరు ముల్లు మధ్యకి కొంచెం పైన నిలిచింది. సుంకి పైన ఒక గోతిలో పడ్డాక స్టీరింగు రెండు వేళ్ల ఆట తిరగడం మొదలైంది. ఇంటికొచ్చి జాకీ ఎక్కించి చూస్తే ముందు క్రాస్ మెంబరు మీదున్న బెల్ క్రాంకు (స్టీరింగు కదలికని చక్రాల కడ్డీలకు మళ్లించే మీట) అరిగిపోయి ఊగుతోంది. ఎంబీల్లో స్టీరింగు దోషం సగం అక్కడే ఉంటుంది. జనం మాత్రం స్టీరింగు బాక్సునే విప్పుతుంటారు.

బెల్ క్రాంకు పిన్ను, బేరింగులు హర్యానాలోని మండీ డబ్వాలీ నుంచి పార్సిల్లో రావాలి. జీపు సామానుకి అదే పుట్టిల్లు. ముందు చక్రాలు తిరిగే కింగ్‌పిన్ బేరింగుల షిమ్ములు (సందు సరిచేసే పల్చటి రేకులు) కూడా అందులోనే తెప్పిస్తున్నాను, హబ్బులు ఎలాగూ విప్పుతాం. ముందు ఎడమ బ్రేకు షూ సర్దుబాటు అప్పుడే. వెనక కుడి హబ్బు దగ్గర ఆయిలు చెమ్మ కనబడింది, సీలు మార్చాలి, లేకపోతే లైనింగు తడుస్తుంది. పార్సిలు వచ్చేదాకా బండి సిమిలిగుడ బజారు దాటదు.